ట్రావెలర్ మోటార్‌హోమ్ సమీక్ష: అనంతపురం ఎండలో ఇద్దరు పెద్దవాళ్లకు ఏడాదంతా ఇల్లవుతుందా?

సమీక్షకు తీసుకున్న బండి ఫోర్స్ ట్రావెలర్, 3350 వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం, మిల్లీమీటర్లలో). దాని మీద ఇద్దరికి సరిపడా ఇల్లు కట్టి ఇస్తున్నది ఒక బాడీ బిల్డింగ్ షెడ్డు. పేరు అనవసరం, కాస్త అటూ ఇటూగా ఇదే ప్యాకేజీ చాలా షెడ్లలో దొరుకుతుంది. వెనక అడ్డంగా మంచం, పక్కన చిన్న బాత్‌రూమ్, ఇండక్షన్ పొయ్యి, 12 వోల్టుల ఫ్రిజ్, ముప్పావు టన్ను ఏసీ, పైన 400 వాట్ల సోలార్ పలకలు రెండు, 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, 2000 వాట్ల ఇన్వర్టర్, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, 20 లీటర్ల క్యాసెట్ టాయిలెట్ (కింద మలం చేరే పెట్టెను బయటికి లాగి ఖాళీ చేసేది). ప్యాకేజీ అంటే ఇదీ.

శనాదివారాల విహారానికి దీనికి ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. రిటైరైన భార్యాభర్తలు ఇంటికి తాళం వేసి ఏడాది పొడుగునా ఉండాలంటే మాత్రం, ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే రెండున్నర. కింద రాసిన మార్పులు బండి షెడ్డులోకి వెళ్లకముందే కాగితం మీద రాయించుకుంటే మళ్లీ నాలుగుకు ఎక్కుతుంది. సామాను బిగించాక వీటిలో సగం మార్చడం కుదరదు, కుదిరినా రెండింతల ఖర్చు.

బండి గురించి క్లుప్తంగా. 2.6 లీటర్ల కామన్ రైల్ డీజిల్ ఇంజిన్, 115 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్. వెనక చక్రాల డ్రైవ్, వెనక కమాన్ పట్టీలు. బరువు మోయడానికి పుట్టిన బండి, అందుకు తగ్గట్టే ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడుతుంది, ఇల్లు కట్టాక కుదురుగా నడుస్తుంది. పల్లె మెకానిక్కుకు కూడా తెలిసిన బండి కావడం పెద్ద మేలు. జమ్మలమడుగు నుంచి గండికోటకు వెళ్లే దారిలో ఏదైనా తెగితే చూసేవాడు దొరుకుతాడు. ఇక్కడిదాకా వంక పెట్టేదేమీ లేదు. చిక్కంతా లోపల కట్టినదాంట్లోనే ఉంది.

ముందు వేడి సంగతి. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలోనైనా కర్నూలులోనైనా మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలు. ఇనుప రేకు పైకప్పు బయటి గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కి, ఆ వేడిని రాత్రి పదిదాకా లోపలికి దించుతూనే ఉంటుంది. ఈ ప్యాకేజీలో రేకుకు వెండిరంగు ఫాయిల్ అంటించి, దాని మీదే ప్లైవుడ్ బిగించారు. ఫాయిల్ పనిచేయాలంటే దాని ముందు కనీసం 2 సెంటీమీటర్ల గాలి ఖాళీ ఉండాలి. రెండు పొరల మధ్య నలిగిపోతే అది వేడిని తిప్పికొట్టదు, మామూలు లోహంలా దాటించేస్తుంది. అడగాల్సింది 25 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు షీటు, లేదా ఎక్స్ఎల్‌పీఈ నురుగు షీటు. రెండూ నీళ్లు పీల్చవు. గ్లాస్‌వూల్ వద్దు, ఏసీ నడిచినప్పుడు రేకు లోపలివైపు చెమ్మ పట్టి, అది తడిసి కిందికి జారిపోతుంది. నిలువు ఇనుప గొట్టాల మీద కూడా షీటు అంటించాలి. చాలా షెడ్లలో గొట్టాల మధ్య ఖాళీలు నింపి గొట్టాలను వదిలేస్తారు, వేడి సరిగ్గా ఆ గొట్టాల గుండానే లోపలికి వస్తుంది. పైకప్పుకు తెలుపు రంగు తప్ప మరొకటి ఒప్పుకోవద్దు. ఈ పొరలన్నిటికీ పైన కనీసం రెండంగుళాల ఎత్తు పోతుంది కాబట్టి, ఇంట్లో పొడుగు మనిషి ఎవరైనా ఉంటే ముందే నిలబెట్టి కొలవండి.

ఇక “సార్, ఏసీ రాత్రంతా నడుస్తుంది” అనే మాట. లెక్క వేసి చూద్దాం. 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు అంటే రెండున్నర యూనిట్లు. ముప్పావు టన్ను ఇన్వర్టర్ ఏసీ సగటున 450 వాట్లు లాగుతుందనుకుంటే, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 3.6 యూనిట్లు. ఫ్రిజ్ రోజుకు 0.7, రెండు 12 వోల్టుల ఫ్యాన్లు 0.7, ఇండక్షన్ వంట 1.2, లైట్లు, ఫోన్లు, మిక్సీ, నీళ్ల పంపు కలిపి 0.4. మొత్తం 6.6. ఇన్వర్టర్‌లో పోయే పది శాతం కలిపితే రోజుకు ఏడు యూనిట్ల పైమాటే. ఒక్క ఏసీనే తీసుకున్నా తెల్లవారుజాము మూడు గంటల ప్రాంతంలో బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

సోలార్ ఆదుకుంటుందా? ఓర్వకల్లు పక్క గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు, అటు ఎన్‌పీ కుంటలో మరో పార్కు ఉన్నాయంటేనే సీమలో ఎండకు కరువు లేదని తెలుస్తుంది. కానీ పలక మీద రాసిన 400 వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆ పైన పెరిగే ప్రతి డిగ్రీకీ దాదాపు 0.35 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. పలక 65 డిగ్రీలకు చేరితే ఏడో వంతు అక్కడే పోయింది. బండి మీద పలకలు బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి దుమ్ము జారిపోదు, నెలల తరబడి వాన పడదు. 800 వాట్లకు ఐదు గంటల నిండు ఎండ, అందులో ముప్పావు వంతు చేతికొస్తుందనుకుంటే రోజుకు మూడు యూనిట్లు. అంటే ఏసీ లేని ఇంటికి సరిగ్గా సరిపోతుంది, ఏసీకి ఏమీ మిగలదు. పలకల కింద కనీసం 5 సెంటీమీటర్ల గాలి ఖాళీ ఉంచి బిగించమనండి. పలక కాస్త చల్లగా ఉంటుంది, దాని నీడలో పైకప్పు కూడా చల్లబడుతుంది. ఈ ప్యాకేజీలో రేకుకు ఆనించి అంటించేశారు, రెండు లాభాలూ పోయాయి.

అందుకే మా గట్టి సిఫారసు: సీమ ఎండాకాలానికి ఏసీ కంటే కూలర్ మేలు. కోస్తాలో ఈ మాట చెల్లదు, ఇక్కడ చెల్లుతుంది, కారణం గాలి పొడితనం. 40 డిగ్రీల వేడిలో గాలి తేమ 20 శాతం ఉంటే, మంచి తేనెపట్టు ప్యాడ్ ఉన్న చిన్న కూలర్ 28 డిగ్రీల దగ్గరి గాలిని ఇవ్వగలదు, 100 వాట్ల లోపు కరెంటుతో. షరతులు రెండు. కూలర్ ఎదురుగా ఒక కిటికీ, పైన 14 అంగుళాల రూఫ్ ఫ్యాన్ తెరిచి ఉంచాలి. మూసిన బండిలో కూలర్ పెడితే అరగంటలో ఉక్కపోత. రెండోది నీళ్లు. గంటకు లీటరు పైనే తాగుతుంది, కాబట్టి 100 లీటర్ల ట్యాంకు చాలదు. పైగా మన బోరు నీళ్లలోని ఉప్పు ప్యాడ్ మీద తెల్లగా పేరుకుంటుంది, రెండు మూడు రోజులకోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి కొత్త నీళ్లు పోయాలి. వానాకాలంలో తేమ పెరిగాక కూలర్ పనిచేయదు, అప్పుడు ఏసీ కావాలి. అదీ బయటి కరెంటు దొరికిన చోటే.

బయటి కరెంటు కోసం 15 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 20 మీటర్లు ఇచ్చారు, బాగుంది. ఆర్‌సీసీబీ మాత్రం లేదు. కరెంటు లీకవగానే సరఫరా ఆపేసే ఈ స్విచ్చు, 30 మిల్లీఆంపియర్లది, తప్పనిసరి. సత్రాల్లో, గుడి వసతి గదుల్లో మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నా ఎర్తింగ్ ఉండకపోవచ్చు, అప్పుడు ఎక్కడైనా కరెంటు లీకైతే ఇనుప బండి మొత్తానికి షాక్ వస్తుంది. చిన్న ప్లగ్గు టెస్టర్ ఒకటి కొనుక్కుని, ముందు అది పెట్టి చూశాకే కేబుల్ తగిలించండి. కేబుల్‌ను చుట్టగా ఉంచి వాడకూడదు, ఏసీ లోడుకు చుట్ట లోపల వేడెక్కి కరిగి అతుక్కుపోతుంది. పూర్తిగా విప్పి పరవాలి.

వైరింగ్‌లో ఇంకో పెద్ద లోపం 12 వోల్టుల మీద 2000 వాట్ల ఇన్వర్టర్. ఇండక్షన్ పూర్తిగా పెడితే బ్యాటరీ నుంచి 180 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇచ్చిన కేబుల్ 35 చదరపు మిల్లీమీటర్లది, అంత కరెంటుకు అది సన్నం. కేబుల్ చివర తొడిగే లోహపు లగ్గులను సుత్తితో కొట్టి నొక్కారు. అక్కడే వేడి పుడుతుంది, ముందు ఇన్సులేషన్ రంగు మారుతుంది, ఆ తర్వాత కరుగుతుంది. 24 వోల్టులకు మార్చమనండి, కరెంటు సగానికి దిగుతుంది, అదే 35 కేబుల్ సరిపోతుంది. లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కాలి. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్రిజ్‌కు వేసిన తీగ 1.5 మిల్లీమీటర్లది. పోనూ రానూ పది మీటర్ల తీగలో 5 ఆంపియర్లకు 0.6 వోల్టు పడిపోతుంది, బ్యాటరీ కాస్త తగ్గగానే ఫ్రిజ్ లో-వోల్టేజ్ చూపించి ఆగిపోతుంది. ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఫ్రిజ్‌కు విడిగా 4 మిల్లీమీటర్ల తీగ వేయించి, లోపల ఒక థర్మామీటర్ పెట్టుకోండి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలవాలి. బండి ఆల్టర్నేటర్ నుంచి లిథియం బ్యాటరీకి నేరుగా తీగ లాగితే అది హద్దు లేకుండా లాగి ఆల్టర్నేటర్‌ను కాల్చేస్తుంది. మధ్యలో ఆ కరెంటును హద్దులో ఉంచే డీసీ-డీసీ చార్జర్ ఉండాలి. ఇందులో ఉంది, మెచ్చుకోవాలి.

వంటగది బాగా కుదిరింది. గట్టు ఎత్తు నడుము నొప్పి ఉన్నవాళ్లకు సరిపోతుంది, ఫ్రిజ్ కూడా కింద కాకుండా ఎత్తులో ఉంది కాబట్టి వంగే పని లేదు. ఇండక్షన్ మీద పప్పు, అన్నం, ఉగ్గాణి ఇబ్బంది లేకుండా అవుతాయి. సంగటికి మాత్రం ఒక జాగ్రత్త. గాజు పలక మీద గిన్నె పెట్టి కట్టెతో గట్టిగా గెలికితే గిన్నె జారుతుంది, పలక పగలొచ్చు. ఉడికాక దించి, కింద తడిగుడ్డ మీద పెట్టి గెలకాలి. జొన్నరొట్టెకు మందపాటి ఇనుప పెనం ఇండక్షన్‌పై పనిచేస్తుంది కానీ రొట్టె పొంగడానికి మంట కావాలి. కాబట్టి 5 కిలోల సిలిండర్ ఒకటి ఉంచుకోవడం మంచిదే. ఇంటి 14.2 కిలోల సిలిండర్ బండిలో పెట్టొద్దు. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది. సిలిండర్ అర లోపలివైపు పూర్తిగా మూసి, తలుపు బయటికి ఉండి, అడుగున రంధ్రం ఉండాలి. గ్యాస్ అలారం నేలకు అడుగు ఎత్తులో బిగించాలి. ఈ బండిలో దాన్ని పైకప్పుకు పెట్టారు. పొగ అలారం అనుకున్నారేమో, అక్కడ అది ఎందుకూ పనికిరాదు.

బాత్‌రూమ్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, పెద్దవాళ్ల ప్రయాణం ఇక్కడే చెడుతుంది. 20 లీటర్ల క్యాసెట్ ఇద్దరికి నాలుగు రోజులు వస్తుందని చెప్తారు. కాగితంతో తుడుచుకునేవాళ్ల లెక్క అది. మనం నీళ్లు వాడతాం. కడుక్కోవడానికి, ఫ్లష్‌కు కలిపి ఒక్కోసారి లీటరున్నర, రాత్రి రెండు మూడుసార్లు లేచే వయసు, అంతా కలిపితే రోజుకు 8 నుంచి 10 లీటర్లు. రెండు రోజులకు నిండుతుంది. జెట్ స్ప్రే ఉంటే ఇంకా ముందే. దాని బదులు చిన్న చెంబు పెట్టుకుంటే నీళ్లు సగానికి తగ్గుతాయి. రెండో క్యాసెట్ ఒకటి కొనిపెట్టుకోవాలి. నిండినది 20 కిలోల పైన ఉంటుంది, చక్రాలూ లాగే పిడీ ఉన్నదే తీసుకోండి. బయటి తలుపు గొంతుకూర్చునే ఎత్తులో కాకుండా కాస్త పైకి పెట్టించండి. మధ్యాహ్నపు వేడికి లోపల వాయువు ఉబ్బుతుంది, క్యాసెట్‌కు మూతగా ఉండే బ్లేడు తెరిచే ముందు గాలి విడిచే బొత్తాం నొక్కకపోతే పైకి చిమ్ముతుంది. ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలం మందు వద్దు, అది సెప్టిక్ ట్యాంకులోని బ్యాక్టీరియాను చంపుతుంది, అది పోసిన చోట రెండోసారి రానివ్వరు. ఎంజైమ్ మందు వాడండి. ఖాళీ చేయాల్సింది సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలోనే, అడిగి, మెల్లగా వంచి, రెండు బకెట్ల నీళ్లతో కడిగి. కాలువలోనో చేను గట్టునో పారబోయడం తప్పు.

పట్టుకునే కమ్మీలు ప్లైవుడ్‌కు స్క్రూలతో బిగించారు. 70 కిలోల మనిషి తూలి పట్టుకుంటే ఊడొస్తాయి. వెనక బండి ఇనుప గొట్టానికి పట్టీ వేసి బోల్టు, నట్టుతో బిగించాలి. కమోడ్ కూర్చునే ఎత్తు 45 సెంటీమీటర్లు ఉండాలి, ఇందులో తక్కువగా ఉంది. కింద దిమ్మె వేయిస్తే సరిపోతుంది.

మంచం అడ్డంగా ఉండటం యువ జంటలకు పరవాలేదు. లోపలివైపు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే రెండోవాళ్లను దాటాలి. మోకాళ్లు నొప్పులుంటే అది రోజూ చేసే పని కాదు. రెండడుగుల వెడల్పు పక్కలు రెండు పొడవునా, మధ్యలో అడుగున్నర దారి ఉంచి కట్టించండి. ఎవరి దారిన వాళ్లు లేస్తారు, కావాలంటే మధ్యలో పలక వేసి కలుపుకోవచ్చు. పరుపుతో కలిపి ఎత్తు 50 సెంటీమీటర్లు దాటకూడదు. ఎక్కే మెట్లు ఒక్కొక్కటి 18 నుంచి 20 సెంటీమీటర్లు. మోటారుతో జారే మెట్టు ఎర్రమట్టి దుమ్ముకు కొన్నాళ్లకే బిగుసుకుంటుంది, చేత్తో మడిచేదే నమ్మకం.

నీళ్ల విషయంలో అనంతపురం జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు, అయినా బండి కట్టేవాళ్లకు చెప్పాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ యూవీ ఫిల్టర్‌తో పోదు, మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆర్‌ఓ తీసేస్తుంది కానీ లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది, బండిలో అది భరించలేం. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు రెండు విడిగా, ట్యాంకు నీళ్లు వాడుకకు, అదే తేలిక. ట్యాంకును 150 లీటర్లకు పెంచమనండి. మూడు కిలోవాట్ల గీజరు ఇచ్చారు. అది 2000 వాట్ల ఇన్వర్టర్ మీద నడవదు, తీసేయించి ఆ డబ్బు మిగుల్చుకోండి. సింకు కింద వంపు గొట్టంలో నీళ్లు ఎండకు ఇంకిపోయి వాడిన నీళ్ల ట్యాంకు వాసన లోపలికి వస్తుంది, రెండు రోజులకోసారి గ్లాసుడు నీళ్లు పోస్తే చాలు.

బరువు సంగతి ఎవరూ చెప్పరు. అల్మారాలన్నీ 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేశారు. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి 36, 37 కిలోలు. 12 మిల్లీమీటర్లదైతే 23. ఏడు షీట్ల దగ్గర దాదాపు 95 కిలోల తేడా, అంటే దాదాపు ఐదు నీళ్ల క్యాన్లు. తలుపులకు ఏసీపీ (పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) వాడితే ఇంకా తగ్గుతుంది. బండి తీసుకునే ముందు కాటా వేయించండి: నీళ్లు నింపి, డీజిల్ నింపి, బియ్యం, బట్టలు, మందులతో సహా సర్దుకుని, ఇద్దరూ కూర్చుని. తర్వాత ముందు చక్రాలు మాత్రమే, ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూచాలి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు దాటకపోయినా వెనక ఇరుసు దాటడం తరచూ జరిగేది, మంచం, బాత్‌రూమ్, ట్యాంకు అన్నీ వెనకే ఉంటాయి కాబట్టి. ఈ బండిలో ట్యాంకూ బ్యాటరీలూ ఒకే పక్కన పెట్టారు, కంటితో చూసినా ఆ పక్కకు ఒరిగి కనిపిస్తుంది. బ్యాటరీలను రెండో పక్కకు మార్చాలి.

కాగితాల్లో మొహమాటం వద్దు. సీట్లు తీసి మంచం వేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పు, ఆర్టీఓ అనుమతి కావాలి, మార్పు చేశాక 14 రోజుల్లో తెలియజేయాలి. సొంతానికి వాడే క్యాంపర్ వ్యాన్ అనే తరగతి రిజిస్ట్రేషన్‌లో ఉంది, దానికే మార్పించండి. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది, కట్టేవాళ్లను ఆ ధ్రువపత్రం అడగండి. “ఆర్‌సీ సంగతి మీరే చూసుకోండి” అంటే వేరే షెడ్డు వెతుక్కోవాలి. ఆర్‌సీలో సీట్లు, లోపల మంచం ఉంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరే కాదు, ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర కూడా ఇరుక్కుంటారు. సోలార్, బ్యాటరీ, ఏసీ విలువను పాలసీలో విడిగా రాయించాలి. 55 దాటాక లైసెన్సు ఐదేళ్లకే రెన్యువల్, వైద్య ధ్రువపత్రంతో. ఇద్దరికీ లైసెన్సు ఉంటే మంచిది.

డెలివరీ రోజు మూడు పరీక్షలు. చీకటి పడ్డాక లోపల గట్టి టార్చి వెలిగించి బయట చుట్టూ తిరగండి, వెలుతురు కనబడిన ప్రతి సందులోంచీ దుమ్ము వస్తుంది. వెనక తలుపు గాస్కెట్ దగ్గర తప్పకుండా కనబడుతుంది. రెండోది పైకప్పు మీద పైపుతో ఇరవై నిమిషాలు నీళ్లు కొట్టడం. ఇది రెండుసార్లు చేయాలి, డెలివరీ రోజు ఒకసారి, 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, ఎందుకంటే అతుకులు కుదుపులకే విచ్చుకుంటాయి. రంధ్రాల చుట్టూ సిలికాన్ వాడి ఉంటే తీయించి బ్యూటైల్ టేపు, పైన పాలీయురిథేన్ సీలెంట్ వేయించండి. సిలికాన్ మీద మరేదీ సరిగా అంటుకోదు. మూడోది ఇండక్షన్ పూర్తిగా పెట్టి పావుగంట నడిపి, ఇన్వర్టర్ కేబుల్‌కూ లగ్గులకూ చేయి దగ్గర పెట్టి చూడటం. వెచ్చగా ఉంటే సరే, వేలు పెట్టలేనంత కాలితే బండి షెడ్డు దాటకూడదు. చివరి విడత డబ్బు, మొత్తంలో కనీసం పది శాతం, రెండో నీళ్ల పరీక్షా కాటా చీటీ చూశాకే ఇస్తామని అగ్రిమెంటులో రాయించుకోండి.